కణములోని కండె

నడిగూడెమునందు మునగాల జమీందారుల కోట గలదు. జాతీయపతాకమును రూపొందించిన పింగళి వెంకయ్యగారు ఇరువదవ శతాబ్దారంభమున ఈ సంస్థానమున వసించి, కంబోడియా పత్తిపై పరిశోధనలు సలిపి, ‘పత్తి వెంకయ్య’ యని పేరందిరి. దూదిలోని ఒక్కొక్క పోగు ఒకే కణము. గింజ పైపొరలోని కణము సాగి సాగి పోగగును. అట్టి పోగులను మన పెద్దలు కదురుపై వడికి కండెగా చుట్టెడివారు. నడుమ లావై, కొనలు సన్నగిల్లిన ఆ రూపమే పత్తిమొక్క వేరుకొనలోను, మన దేహములోను విభజన నొందు కణములందు కానవచ్చును. దానికిని కండె యనియే పేరు.

మానవకణమున 46 క్రోమోజోములుండును. విభజనకు ముందు ప్రతిదానికి ఒక ప్రతి యేర్పడి, రెండును జంటగా అతుకుకొనియుండును. జంటలో ఒక్కొక్కటి ఒక్కొక్క పిల్లకణమునకు చేరవలెను. ఒక్కటి తప్పినను కీడే. కన్నులు లేని కణము ఈ పంపకము నెట్లు చేయును?

ట్యుబ్యులిన్ అను మాంసకృత్తు తునకలు వరుసగా చేరి బోలుగొట్టములగును. వీని అడ్డుకొలత మిల్లీమీటరులో 40,000వ వంతు. జంతుకణమున ఇవి రెండు కొనలనుండి నలుదెసల పెరుగును, క్రోమోజోము తగులకున్న కూలిపోవును, మరల పెరుగును. చీకటిగదిలో అగ్గిపెట్టెకై తడవు చేయి వంటిదీ పని. ఈ పెరుగుట, కూలుటలను 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అనువారు వెల్లడించిరి. ఇది వృథాశ్రమవలె దోచును గాని, వెదకుటకు తోడ్పడును. క్రోమోజోముపైనున్న ముడిని పట్టిన గొట్టము నిలుచును. జంటను రెండు కొనలనుండియు లాగినపుడే పట్టు బిగియును. ఒకేవైపునుండి లాగినచో పట్టు వదులై, మరల వెదకులాట మొదలగును. ఒక్క జంట మిగిలినను కణము సాధారణముగా వేచియుండును. అన్నియు కుదిరిన పిదప అతుకు తెగి, ప్రతులు విడిపోవును. కండెయు కరగిపోవును.

మన పెరళ్లలోని బిళ్లగన్నేరునకు ఇందు సంబంధము గలదు. దానినుండి తీసిన విన్‌క్రిస్టిన్ ఆ తునకలను గొట్టములు కానీయదు. కండె యేర్పడక, విభజన నిలిచి, కణము చచ్చును. పిల్లల రక్తపు కాన్సరునకు 1960ల నుండి ఈ మందు వాడుచున్నారు. వెండ్రుకల కుదుళ్ల కణములును వేగముగా విభజన నొందునవే కనుక రోగికి జుట్టు రాలును. నరములలోను ఈ గొట్టములే యుండుటచే కాలుసేతులు తిమ్మిరెక్కును. ఆకు నమలినచో విషమే. మందును సైతము వైద్యులు మోతాదు లెక్కించి రక్తనాళముద్వారా మాత్రమే యెక్కింతురు.