వాగు వదిలిన దారి పాత పటంలో పదిలం
ఇంటి స్థలం కొనే ముందు, గుంట తవ్వే ముందు ఒకసారి చూసుకుంటే మేలు

చిల్లకూరు: 2021 నవంబరు వానలకు గూడూరు వద్ద పంబలేరు పొంగి జాతీయ రహదారి మీదకు వచ్చింది. రాకపోకలు స్తంభించాయి. "ఎన్నడూ లేనిది ఇక్కడికి నీళ్లెలా వచ్చాయి?" అన్న మాట ప్రతి వరదలోనూ వినిపించేదే. నిజానికి చాలాచోట్ల నీరు కొత్త దారి పట్టదు. తాతల నాడు విడిచిన దారినే మళ్లీ వెతుక్కుంటుంది. ఆ దారి ఎక్కడ ఉండేదో పాత పటాలు చెబుతాయి.

చుట్టూ నీళ్ల దారులే

చిల్లకూరుకు ఉత్తరాన కండలేరు ఉప్పుటేరుగా మారి కృష్ణపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. దక్షిణాన స్వర్ణముఖి. తీరం వెంట బకింగ్‌హాం కాలువ, దాని చుట్టుపక్కల ఇసుక దిబ్బలు. నేల చదునైనది కావడంతో వరద తెచ్చిన ఇసుక, ఒండ్రు వాగు కడుపులోనే పేరుకుంటాయి. కొన్నాళ్లకు అడుగు మెరక అవుతుంది. అప్పుడొక పెద్ద వరద గట్టు తెంచుకుని పల్లానికి మళ్లుతుంది. పాత దారి పూడి కయ్యలుగా మారుతుంది. అయినా దాని పల్లం, అడుగున ఇసుక అలాగే ఉండిపోతాయి.

మూడు పటాలు చాలు

మొదటిది గ్రామ పటం. మైలుకు 16 అంగుళాల కొలతతో గీసిన ఈ పటంలో సర్వే నెంబర్లు, చెరువులు, వాగు పోరంబోకులు కనిపిస్తాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఇది వారి పెట్టెలో ఉండేది. రెండవది సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటం. మైలుకు ఒక అంగుళం కొలత కనుక పది ఊళ్ల వాగుల తీరు ఒకేచోట చూడవచ్చు. మూడవది ఉపగ్రహ చిత్రం. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం వారి 'భువన్'లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

పోల్చే పద్ధతి

ముందుగా కదలని గుర్తులు పట్టుకోవాలి. పాత గుడి, చెరువు కట్ట, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోటి సర్వే రాయి అందుకు పనికివస్తాయి. కొలత ఒకటిగా చేసుకుని ఆ గుర్తులు కలిసేలా ఒక పటం మీద మరొకటి పరిస్తే, నాటి వాగుకూ నేటి వాగుకూ ఎంత ఎడమో తేలుతుంది.

పటం ఏనాటిదో కూడా గమనించాలి. బకింగ్‌హాం కాలువకు ఆ పేరు పెట్టింది 1878లో. పటంలో ఆ పేరుంటే అది ఆ తరువాత అచ్చయినదే. అచ్చు తేదీ వేరు, కొలిచిన ఏడు వేరు. ఎండల్లో కొలిస్తే వాగు సన్నగానే కనిపిస్తుంది. పైగా అంగుళం పటంలో అర మిల్లీమీటరు గీత నేల మీద 30 మీటర్ల పైచిలుకు. గ్రామ పటంలో అదే గీత 2 మీటర్లే. కనుక హద్దు తగాదాకు అంగుళం పటాన్ని సాక్ష్యంగా పట్టుకోరాదు.

నేల చెప్పే సాక్ష్యం

పటం చూపిన చోట నేలను కూడా పరీక్షించాలి. వంకర తిరిగిన పల్లపు కయ్యల వరుస, నాలుగడుగులు తవ్వగానే ముతక ఇసుక, చుట్టూ ఉప్పు నీళ్లున్నా ఒక్క దొరువులో మాత్రం తీపి నీళ్లు కనిపిస్తే, అవి పాత వాగు జాడలు కావచ్చు. పూడిన వాగు ఇసుక వాన నీటిని దాచుకుంటుంది. అందుకే పాత దారి భయానికే కాదు, మంచినీటికీ గుర్తే.

కోసీ నేర్పిన పాఠం

బీహారులో కోసీ నది రెండున్నర శతాబ్దాల్లో సుమారు 120 కిలోమీటర్లు పడమటికి జరిగిందని పాత పటాల వల్లనే తెలిసింది. తరువాత దానికి రెండు వైపులా కట్టలు వేశారు. 2008 ఆగస్టు 18న నేపాలులోని కుసహా వద్ద కట్ట తెగి, నది తూర్పున తాను ఎన్నడో విడిచిన దారిలో పారింది. లక్షలాది మంది నిలువ నీడ కోల్పోయారు. వారిలో అనేకులు నది పాత పడకలోనే ఇళ్లు కట్టుకుని ఉన్నవారు.

గ్రామసభలో పటం ఉండాలి

2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. కొత్త పటం గీసేటప్పుడు నీరు పారని వాగు పోరంబోకు ఎవరికీ పట్టని నేలగా కనిపిస్తుంది. అది ఇంటి స్థలంగానో, రొయ్యల గుంటగానో మారితే మొదటి పెద్ద వానకు నష్టపోయేది అక్కడున్న కుటుంబమే. నీరు పక్కకు మళ్లితే నష్టం ఎగువ రైతుది కూడా. గ్రామసభలో కొత్త పటం పక్కన పాత పటం కూడా పరచి, వాగు గీతలు రెండింటా ఉన్నాయో లేవో ఊరివారు చూసుకోవాలి. లేని గీత గురించి అధికారులను అప్పుడే అడగడం మంచిది. వరద వచ్చాక అడిగితే ప్రయోజనం ఉండదు.