వస పోసినా మాట రాని బిడ్డకు మార్గమేది?

గలగల మాట్లాడే పిల్లవాణ్ణి మన ఇళ్ళలో ‘వసపిట్ట’ అంటాము. వసకొమ్మును అరగదీసి నాలుకకు రాస్తే పలుకు స్పష్టంగా వస్తుందన్న తరతరాల నమ్మకం ఆ పలుకుబడి వెనుక ఉన్నది. అందుకే మూడేళ్ళు నిండినా మాట రాని బిడ్డ ఉన్న తల్లులు నన్ను మొదట అడిగే ప్రశ్న, “వస ఎంత పోయాలి? ఎన్నాళ్ళు పోయాలి?” అని. ఆయుర్వేదంపై నాకు గల గౌరవంతోనే నేను చెప్పే సమాధానం ఇది: ఆటిజమ్ ఉన్న బిడ్డకు వస వల్ల మాట వచ్చిందనడానికి నిరూపణ లేదు. ఆ కొమ్ములో ఉండే బీటా-అసరోన్ అనే పదార్థం హానికరమని జంతువులపై జరిగిన పరీక్షలలో తేలింది. అమెరికా ప్రభుత్వం 1968లోనే దానిని ఆహార పదార్థాలలో వాడరాదని నిషేధించింది. ఈ బిడ్డలకు కావలసినది నిత్యాభ్యాసం. దానినే ‘ప్రవర్తనా చికిత్స’ అంటున్నారు.

ఆటిజమ్ లక్షణాలు

1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగర వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని మొదటిసారి విపులంగా వర్ణించాడు. తల్లి ప్రేమ చాలకపోవడమే కారణమని ఆ తరువాత కొంతకాలం ప్రచారం జరిగింది. బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో వెలువరించిన గ్రంథంలో దానిని ఖండించాడు. మెదడు ఎదుగుదలలోని భేదమే దీనికి మూలమనీ, వంశపారంపర్య అంశాల పాత్ర అధికమనీ నేడు తెలుసు. కనుక ఇంట్లోని పెద్దలు కోడలిని నిందించడం అన్యాయం.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసినదానిని వేలితో చూపకపోవడం, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలకలేకపోవడం, వచ్చిన మాటలు పోవడం – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. “మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ళ నాన్నకూ ఇంతే” అని వేచి ఉండడంలోనే విలువైన సంవత్సరాలు గడచిపోతున్నాయి. మెదడు త్వరగా నేర్చుకునే వయస్సు అదే.

చికిత్స సూత్రం

ఈ విద్యకు మూలం చాలా సరళమైనది. ఏ పనికి మంచి ఫలితం వెంటనే దక్కుతుందో ఆ పనిని బిడ్డ మళ్ళీ చేస్తుంది. పని ముందు ఏమి జరిగింది, బిడ్డ ఏమి చేసింది, ఆ తరువాత మనము ఏమి చేశాము – ఈ మూడింటినీ గమనించాలి. బిడ్డ కేకలు పెట్టింది, అమ్మ బిస్కెట్టు ఇచ్చింది, కేకలు ఆగాయి. దీని వలన బిడ్డ నేర్చుకున్నది, ‘బిస్కెట్టు కావాలంటే కేక వేయాలి’ అని. దీనిని మొండితనమనుకోకూడదు. అడగడానికి దానికి మరో మార్గం తెలియదు. ఆ మార్గాన్ని నేర్పడమే చికిత్స.

ఇంట్లో అభ్యాసం

బిడ్డకు ఇష్టమైన సున్నుండను చిన్న చిన్న ముక్కలు చేసి, లోపలిది కనిపించే బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. బిడ్డ మీ చేయి లాగగానే, దాని అరచేతిని మెల్లగా చాపించి, “ఇవ్వు” అని ఒక్కసారి పలికి, వెంటనే ముక్క పెట్టండి. ముక్క చిన్నదైతే పదిసార్లు అడిగే అవకాశం కలుగుతుంది. కొన్ని రోజులకు చేయి పట్టుకోవడం మాని, మోచేతిని తాకి వదలండి. తరువాత తాకడం కూడా మానండి. బిడ్డ ‘ఇ’ అన్నా చాలు, మొదట దానినే మాటగా స్వీకరించాలి.

నూనెతో మర్దన చేసేటప్పుడు నడుమ ఆగి, ఐదారు క్షణాలు వేచి చూడండి. బిడ్డ మీ వైపు చూసినా, మీ చేతిని తోసినా, అదే “ఇంకా” అనడం. వెంటనే “ఇంకా” అని పలికి కొనసాగించండి. మర్దన వల్ల ఆటిజమ్ తగ్గుతుందని నేను చెప్పడం లేదు. బిడ్డ ఆనందించే పని ఏదైనా పాఠమే అవుతుందని చెబుతున్నాను.

బట్టలు తొడుక్కోవడం వంటివి చివరి మెట్టు నుండి నేర్పాలి. నిక్కరు మోకాళ్ళ పైదాకా మీరే తొడిగి, నడుము వరకు లాక్కోవడం మాత్రం బిడ్డకు వదలండి. పని పూర్తిచేసిన తృప్తి ప్రతిసారీ దానికే దక్కుతుంది. అది వచ్చాక దాని ముందరి మెట్టు నేర్పండి.

ఎంతవరకు నమ్మవచ్చు?

1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఐవార్ లోవాస్, వారానికి సుమారు 40 గంటల శిక్షణ పొందిన 19 మంది పిల్లలలో 9 మంది సామాన్య బడిలో చదవగలిగారని ప్రకటించాడు. పిల్లలను లాటరీ వలె యాదృచ్ఛికంగా విభజించలేదని ఆ పరిశోధనపై విమర్శలు వచ్చాయి. ఈ తరహా తీవ్ర శిక్షణపై 2018లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, కొంత మేలు కనిపించినా ఆధారాలు బలహీనమని తేల్చింది. కనుక “పూర్తిగా నయం చేస్తాము” అనేవారిని నమ్మవద్దు. అడగడం, ఆడుకోవడం, తన పని తాను చేసుకోవడం మెరుగుపడవచ్చు. ఎంత మెరుగుపడుతుందనేది బిడ్డ బిడ్డకూ మారుతుంది.

తల్లిదండ్రుల పాత్రకు మన ఉపఖండంలోనే నిదర్శనం ఉన్నది. 2016లో ప్రచురితమైన పరిశోధనలో గోవా, రావల్పిండి ప్రాంతాలకు చెందిన 65 మంది పిల్లల కుటుంబాలు పాల్గొన్నాయి. నిపుణులు కాని సామాన్య ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు తర్ఫీదు ఇచ్చారు. ఆ పద్ధతి లోవాస్ పద్ధతి కాదు, బిడ్డ ఆసక్తిని అనుసరించి స్పందించడం. ఆ తల్లిదండ్రుల స్పందన మెరుగుపడింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

చేయకూడనివి

తొలినాళ్ళలో లోవాస్ శిక్షణలో కేకలు వేయడం, చరచడం కూడా ఉండేవి. నేడు వాటిని సర్వత్రా ఖండిస్తున్నారు. కొట్టే శిక్షకుని వద్ద బిడ్డను ఒక్క రోజు కూడా ఉంచవద్దు. చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం వంటివి హాని చేయనంతవరకు మాన్పించే పని లేదు. బిడ్డ తన కలతను అలా తీర్చుకుంటుంది. “నా కళ్ళలోకి చూడు” అని గడ్డం పట్టి తిప్పవద్దు. అది ఎంతటి బాధో ఆటిజమ్ గల పెద్దలు తమ అనుభవంతో చెబుతున్నారు. అలసిన బిడ్డకు పాఠం వద్దు, విశ్రాంతి కావాలి. సీసము, పాదరసము చేరే అవకాశమున్న ఊరూ పేరూ లేని భస్మాలను పసిపిల్లలకు ఎన్నడూ పెట్టరాదు.

ఎక్కడికి వెళ్ళాలి?

సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ ఉన్నది. నేడు దానిని నీపిడ్ అంటున్నారు. ఆటిజమ్‌ను అంచనా వేసే భారతీయ కొలమానం ‘ఇసా’ అక్కడే రూపొందింది. అనేక జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులలో పిల్లల సత్వర చికిత్సా కేంద్రాలు పనిచేస్తున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజమ్ చేరినందున ధ్రువపత్రం పొందవచ్చు. నేషనల్ ట్రస్టు వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు.

నిపుణుని వద్ద బిడ్డ గడిపేది వారంలో కొన్ని గంటలే. తక్కిన కాలమంతా ఇంట్లోనే. అందుచేత నిపుణుడు నేర్పినదానిని అమ్మ, నాన్న, నానమ్మ, తాతయ్య అందరూ ఒకే తీరున పాటించాలి. అమ్మ అడిగించి ఇచ్చినదానిని నానమ్మ కేకకే ఇచ్చేస్తే, బిడ్డ కేకనే నేర్చుకుంటుంది. ఈ ఒక్క విషయంలో ఇంటిల్లిపాదీ ఈ రోజే ఒక మాట మీదకు రండి.