సైనిక అకాడమీ పిలుపు ఏ దారిన వస్తుంది?

వార్డెన్ సారు టేబుల్ మీద ఉత్తరం కనబడితే ఎవరికొచ్చిందోనని మనమంతా తొంగిచూసేవాళ్లం. ముఖ్యమైన కబురు ఉత్తరంలోనే వస్తుందనుకునే ఆ అలవాటే నా కొంప ముంచింది. ఇంటర్ రెండో సంవత్సరంలో ఎన్.డి.ఏ. రాత పరీక్ష పాసయ్యాను. కాల్ లెటర్ లింగాల ఘనపూర్‌కు పోస్టులో వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఎందుకు రాలేదో తెలిసేసరికి గడువు దాటింది. ఇప్పుడు నాకు 23 ఏళ్లు, ఎన్.డి.ఏ. వయసు పోయింది. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అలా జరగవద్దని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న ఎన్.డి.ఏ.కు రాత పరీక్ష పెట్టేది యు.పి.ఎస్.సి., ఏడాదికి రెండుసార్లు. గణితం 300, జనరల్ ఎబిలిటీ 600 మార్కులు. ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు, ఆడపిల్లలకు ఫీజు లేదు. హాల్ టికెట్ మనమే వెబ్‌సైట్ నుంచి తీసుకోవాలి. ఫలితం కూడా అక్కడే పెడతారు. అసలు మెలిక ఆ తర్వాత ఉంది. పాసైనవాళ్లు రెండు వారాల్లోగా ఆర్మీ రిక్రూటింగ్ వెబ్‌సైట్‌లో మళ్లీ పేరు నమోదు చేసుకోవాలి. అప్పుడే ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూ ఎక్కడో, ఎప్పుడో ఈ-మెయిల్‌లో తెలుపుతారు. ఈ సంగతి నోటిఫికేషన్‌లో రాసే ఉంది. నేను సిలబస్ దాకా చదివి మడిచిపెట్టాను. పైగా నా దరఖాస్తులో ఉన్న ఈ-మెయిల్ నాది కాదు, ఫారం నింపిన నెట్ సెంటర్ అన్నది!

నేవీ 10+2 బి.టెక్. ఎంట్రీకి వేరే రాత పరీక్ష లేదు. జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు చూసి, ఎంపికైనవాళ్లకు ఈ-మెయిల్ లేదా ఎస్.ఎం.ఎస్. పంపుతారు. ఆర్మీ టెక్నికల్ ఎంట్రీకీ జె.ఇ.ఇ. మెయిన్ రాయాలి. కానీ ఇంటర్వ్యూ తేదీ మనమే లాగిన్ అయి ఎంచుకోవాలి, ముందు వచ్చినవాళ్లకు ముందు. నాకైతే నేవీ పద్ధతే తేలిక అనిపించింది.

అన్నిటికంటే సూటిగా చెప్పేది ఎస్.ఎస్.బి. బోర్డే. ఐదు రోజుల ఎంపికలో మొదటి రోజు స్క్రీనింగ్‌లో పోయినవాళ్లకు ఆ రోజే చెప్పి పంపేస్తారు. మొదటిసారి వెళ్లేవారికి రానుపోను రైలు ఛార్జీ ఇస్తారు. డబ్బులు లేవని ఆగకండి.

అమెరికా నేవీ అకాడమీకి 'బ్లూ అండ్ గోల్డ్ ఆఫీసర్లు' అని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఉన్నారు. దరఖాస్తు పెట్టిన పిల్లల ప్రాంతంలోనే ఉండి, వాళ్లతో మాట్లాడి దారి చెబుతారు. మన మండలంలో అలాంటి మనిషి లేడు. సీనియర్లమే ఆ పని చేయాలి. చెల్లెళ్లూ, మీరూ వెనుకాడకండి. 2022లో ఎన్.డి.ఏ.లో చేరిన మొదటి 17 మంది అమ్మాయిలు 2025 మే నెలలో శిక్షణ పూర్తి చేసుకుని బయటికి వచ్చారు.

డిగ్రీ అయినవాళ్లకు సి.డి.ఎస్. పరీక్ష ఉంది. అందులో ఆర్మీ కోరుకున్నవాళ్లు కూడా ఇట్లాగే పేరు నమోదు చేసుకోవాలి. నేను దానికి దరఖాస్తు పెట్టాను. ఈసారి ఈ-మెయిల్ నా సొంతం. పాస్‌వర్డ్ బాపు ఫోన్ కవర్ వెనుక కాగితం మీద కూడా రాసిపెట్టాను.