ప్రేగు గోడను కాచు కణములు

గ్రామారోగ్యమును గూర్చి పంచాయతీ సభ్యులు ఆలోచించునపుడు మంచినీటి బావి, మురుగుకాలువ, దోమల నిర్మూలనము మొదలైనవి ముందుగా జ్ఞప్తికి వచ్చును. విరేచనములనగానే నీరు కలుషితమైనదని మనము తలంతుము. పలుమార్లు ఆ తలంపు సరియైనదే. కాని నీరు శుభ్రముగా ఉన్నను, మందులు మ్రింగినను, వారములు గడచినను తగ్గక, రక్తముతోను జిగటతోను వచ్చు విరేచనములు కొన్ని కలవు. వానికి కారణము బయటినుండి వచ్చిన క్రిమి కాకపోవచ్చును. ప్రేగు లోపలి పొర చెడి, దేహమును కాపాడవలసిన రక్షక కణములే ఆ ప్రేగుపై విరుచుకుపడుట కారణము కావచ్చును.

ఈ దీర్ఘవ్యాధిలో రెండు ముఖ్యమైన రకములు గలవు. పెద్దప్రేగు లోపలి పొరకు మాత్రమే పుండ్లు పడినచో దానిని అల్సరేటివ్ కొలైటిస్ అందురు. నోటినుండి ఆసనము వరకు ఎచ్చటనైనను వచ్చి, ప్రేగు గోడ మందమంతయు వ్యాపింపగలిగినది క్రోన్ వ్యాధి. 1932లో న్యూయార్కు నగర వైద్యుడు బరిల్ క్రోన్, ఆయన సహచరులు ఇద్దరు దీనిని వర్ణించిరి. ఇవి తరచుగా యౌవనమున మొదలగును. ఇవి పట్టణవాసుల జబ్బులని పూర్వము తలచెడివారు. హైదరాబాదులోని జీర్ణకోశవ్యాధుల వైద్యులు 2023లో ప్రకటించిన పరిశీలనలో, ఉదరబాధలతో వచ్చిన గ్రామీణ రోగులలోను పట్టణ రోగులలోను ఈ వ్యాధులు దాదాపు సమానముగా కానవచ్చినవి. కనుకనే ఈ విషయమును గ్రామ పెద్దల ఎదుట ఉంచుచున్నాము.

ఒక్క వరుస కణముల గోడ

ప్రేగు లోపల లక్షల కోట్ల సూక్ష్మజీవులు నివసించుచున్నవి. వానిలో అధికభాగము మనకు మేలు చేయునవే. మనము తినెడి ఆహారములోని పీచును అవి పులియజేయగా పుట్టెడి బ్యూటిరేట్ అను పదార్థమే పెద్దప్రేగు పొర కణములకు ప్రధానమైన ఆహారము. అయినను ఆ జీవులు ప్రేగు లోపలనే ఉండవలెను గాని దేహములోనికి చొరరాదు. వానికిని మన రక్తమునకును నడుమ అడ్డుగా నిలిచినది ఒకే ఒక వరుస కణములు. దాని మందము మిల్లీమీటరులో యాబదవ వంతు మాత్రమే.

చెరువునకు కట్ట యెట్టిదో ప్రేగునకు ఈ పొర అట్టిది. కట్ట నీటిని నిలుపవలెను. తూము ద్వారా కావలసిన నీటిని పొలమునకు విడువవలెను. ఈ పొర కూడ సూక్ష్మజీవులను నిలిపివేయుచు, అన్నసారమును నీటిని లోనికి విడుచుచున్నది.

ఈ పని కొరకు పలువిధములైన కణములు ఏర్పడియున్నవి. అన్నసారమును పీల్చుకొను కణములు ఎక్కువ. ఇవి ఒకదానినొకటి బిగువుగా పట్టుకొని, నడుమ సందు లేకుండ నిలుచును. గోబ్లెట్ కణములనునవి జిగురును స్రవించి పొరపై పూతవలె పరచును. పెద్దప్రేగులో ఈ జిగురు రెండు పొరలుగా ఉండుననియు, లోపలి పొరలో సూక్ష్మజీవులు దాదాపుగా ఉండవనియు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2008లో చూపిరి. చిన్నప్రేగు గుంటల అడుగున పానెత్ కణములు కూర్చుండి, సూక్ష్మజీవులను చంపెడి పదార్థములను వెదజల్లుచుండును. ఆ గుంటలలోనే మూలకణములు కలవు. అవి ఎడతెగక విభజింపబడుచు క్రొత్త కణములను పుట్టించును. మూడు నుండి అయిదు దినములలో పొర యంతయు క్రొత్తదగును. ఇంత త్వరగా మరమ్మతు పొందు కట్ట ఏ గ్రామమునను లేదు.

గండి పడు విధము

ఈ పొర వ్యాధికి గురియగుటయే గాక, వ్యాధిని పుట్టించుటలోను పెంచుటలోను పాలుపంచుకొనునని ఇప్పుడు తెలియుచున్నది. జిగురునకు ఆధారమైన మాంసకృత్తు తయారుకాని ఎలుకలకు, పుండు పుట్టించు మందేదియు ఈయకున్నను, పెద్దప్రేగులో శోథ కలిగినట్లు 2006లో ప్రకటింపబడినది. అల్సరేటివ్ కొలైటిస్ రోగులలో గోబ్లెట్ కణములు తగ్గి, జిగురు పలుచబడుట వైద్యులు చూచుచున్నారు. క్రోన్ వ్యాధి గల ఐరోపా సంతతివారిలో కొందరికి నాడ్2 అను జన్యువునందు మార్పు ఉన్నట్లు 2001లో తేలినది. సూక్ష్మజీవుల జాడను పసిగట్టుటలో ఆ జన్యువునకు పాత్ర గలదు. పానెత్ కణములలో అది పనిచేయును.

పూత పలుచబడినపుడు, కణముల పట్టు సడలినపుడు, సూక్ష్మజీవులు గోడను సమీపించును. కొన్ని లోనికి చొరబడును. అచ్చటనున్న రక్షక కణములు కలవరపడి టీఎన్ఎఫ్ వంటి పదార్థములను విడుచును. ఇవి శత్రువును తరుముటకు ఉద్దేశింపబడినవే. కాని అవియే పొర కణముల పట్టును మరింత సడలించి, కొన్ని కణములను చంపును. గండి పెద్దదగును, మరిన్ని సూక్ష్మజీవులు చొచ్చును, పోరు మరింత హెచ్చును. ఇట్లు ఒకదానినొకటి పెంచుకొనుటచేతనే ఈ వ్యాధి తనంతట తాను చల్లారక ఏండ్ల తరబడి సాగును. మొదట చెడినది గోడయా, రక్షకుల నిగ్రహమా అనునది రోగిని బట్టి వేరు కావచ్చును. వంశలక్షణము, ఆహారము, సూక్ష్మజీవులలో మార్పు, ఇవన్నియు కలిసి పనిచేయును.

రక్తము ఆగినంతమాత్రమున గోడ మానదు

ఇందుండి మనము గ్రహింపవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. మందులు వాడగా రక్తము ఆగును, నొప్పి తగ్గును. అంతట రోగి మందు మానివేయును. కాని లోపల పొర ఇంకను పుండుగానే ఉండవచ్చును. కట్టపై నీరు కనబడనంతమాత్రమున గండి పూడెనని చెప్పలేము గదా! కనుకనే వైద్యులు నేడు బాధ తగ్గుటతో తృప్తిపడక, పొర మానుటనే లక్ష్యముగా పెట్టుకొనుచున్నారు. ఏండ్ల తరబడి పుండు మానకున్నచో పెద్దప్రేగు క్యాన్సరు ప్రమాదము కూడ పెరుగును.

టీఎన్ఎఫ్‌ను అడ్డగించు మందు 1998లో అమెరికాలో క్రోన్ వ్యాధికి అనుమతింపబడినది. అట్టి మందులకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఏలయన దేహములో నిద్రించు క్షయ అప్పుడు మేల్కొనవచ్చును. జపాను దేశమున 2022లో ఒక రోగి ప్రేగునుండియే తీసిన కణములను ప్రయోగశాలలో పెంచి, మరల ఆతని పుండుపై నాటిరి. ఇది ఇంకను ప్రయోగదశలోనిది.

పంచాయతీ సభ్యులు చేయదగినది

రక్తవిరేచనములను మొలలనియు, మామూలు జిగట విరేచనములనియు తలచి నెలలు గడపువారు పల్లెలలో కలరు. మన దేశమున మరియొక చిక్కు గలదు. ప్రేగుల క్షయయు క్రోన్ వ్యాధియు చూపునకు ఒకేవిధముగా ఉండును. ఒకదానికి వాడు మందు రెండవదానికి పనికిరాదు. ఒక్కొక్కప్పుడు కీడు చేయును. అందుచేత మలపరీక్ష, రక్తపరీక్ష, గొట్టముతో ప్రేగును చూచుట, చిన్నముక్క తీసి పరీక్షించుట అవసరము.

నాలుగు వారములకు మించి విరేచనములు ఉన్నను, రక్తము పడుచున్నను, బరువు తగ్గుచున్నను, రాత్రివేళ విరేచనమునకు లేవవలసి వచ్చుచున్నను, ఆ మనిషిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచ్చటినుండి పెద్ద ఆస్పత్రికి పంపుడు. నొప్పుల మాత్రలను, స్టెరాయిడ్ మాత్రలను వైద్యుని సలహా లేక వాడనీయకుడు. నొప్పుల మాత్రలు ప్రేగు పొరను గాయపరచగలవు. పొగత్రాగుట క్రోన్ వ్యాధిని ముదిరించును.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే పళ్లెములో తినినను, ఒకే ఇంట నివసించినను ఒకరినుండి మరియొకరికి సోకదు. కావున రోగియైన యువతిని వేరుగా కూర్చుండబెట్టుట గాని, యువకుని పనికి పిలువకుండుట గాని తగదు. వారికి దగ్గరలో మరుగుదొడ్డి కావలెను. వేళకు మందు కావలెను. దూరపు ఆస్పత్రికి పోవుటకు తోడు కావలెను. చెరువు కట్టను ఏటేట చూచుకొను గ్రామము, తన బిడ్డల దేహములోని ఈ పలుచని కట్టను కూడ కనిపెట్టి యుండవలెనని మా మనవి.