ఒక్క ప్రధాన సంఖ్య కలిసినందుకు

డిసెంబరు 22, గణిత దినోత్సవం సంచిక. ‘గ.సా.భా. మీద ముఖచిత్ర కథనం కావాలి, నిత్యజీవితంలో ఎక్కడ పనికొస్తుందో చెప్పాలి, బుధవారం సాయంత్రానికల్లా ఇచ్చేయాలి’ అన్నారు ఎడిటర్ గారు. గదికి టైల్సు, ట్యాంకర్లలో కిరోసిన్... పాఠ్యపుస్తకాల లెక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఆ వెతుకులాటలోనే 2012 నాటి ఒక పరిశోధన పత్రం చేతికి చిక్కింది. ఆ తర్వాత టైల్సు మీదికి మనసు పోలేదు.

ముందు లెక్క చూద్దాం. ఒక ట్యాంకరులో 850 లీటర్లు, ఇంకోదాంట్లో 680 లీటర్లు. రెండింటినీ మిగలకుండా కొలవగల అతి పెద్ద పాత్ర ఎంత? 850 అంటే 2×5×5×17. 680 అంటే 2×2×2×5×17. రెండింట్లోనూ ఉన్నవి ఒక 2, ఒక 5, ఒక 17. గుణిస్తే 170, అదే గ.సా.భా. రెండోదాంట్లో మూడు రెళ్లున్నా మొదటిదాంట్లో ఒకటే ఉంది కాబట్టి ఒకటే తీసుకోవాలి. పిల్లలు తడబడేది ఇక్కడే. నాకీ పద్ధతంటే ఇష్టం. 170 అని చెప్పి ఊరుకోదు, 170 ఎందుకయిందో విప్పి చూపిస్తుంది.

చిక్కల్లా విప్పడంలోనే ఉంది. 2021, 2279 ఇచ్చి కారణాంకాలు రాయమనండి. 2, 3, 5, 7 అంటూ ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోతే పద్నాలుగోదైన 43 దాకా ఏదీ పోదు. అదే యూక్లిడ్ పద్ధతిలో పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే శేషం 258. దానితో 2021ని భాగిస్తే 215. దానితో 258ని భాగిస్తే 43. దానితో 215 నిశ్శేషంగా పోతుంది. నాలుగు భాగహారాల్లో గ.సా.భా. 43 వచ్చేసింది. పైగా 2021 = 43×47, 2279 = 43×53 అని రెండు సంఖ్యల గుట్టూ బయటపడింది.

సంఖ్యలు పెరిగేకొద్దీ ఈ తేడా ఊహకందనంత పెరుగుతుంది. 250 అంకెలున్న ఆర్‌ఎస్‌ఏ-250 అనే సంఖ్యను రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడం 2020లో గానీ కుదరలేదు. ఒక్క ప్రాసెసర్ కోర్ మీద వేస్తే సుమారు 2,700 ఏళ్లు పట్టే పని అది. అలాంటి రెండు సంఖ్యలకు గ.సా.భా. కావాలంటే మాత్రం మామూలు ల్యాప్‌టాప్‌కి రెప్పపాటు చాలు. ఇంటర్నెట్‌లో రహస్యాలు కాపాడే ఆర్‌ఎస్‌ఏ తాళం నిలబడింది విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీదే. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని లోకానికి చెబుతారు, ఆ రెండింటినీ దాచుకుంటారు.

మరి రెండు తాళాల్లో ఒక ప్రధాన సంఖ్య కలిస్తే, 2021, 2279ల్లో 43 దొరికినట్టే గ.సా.భా.తో అది దొరికిపోదా? ఆ 2012 పత్రం రాసిన నదియా హెనింజర్, జాకిర్ దురుమెరిక్, ఎరిక్ వుస్ట్రో, అలెక్స్ హాల్డర్మన్ వేసుకున్న ప్రశ్న ఇదే. ఇంటర్నెట్ అంతా గాలించి కోటీ పది లక్షలకు పైగా లబ్ధాలు పోగేశారు. జతలుగా చూస్తే దాదాపు 60 లక్షల కోట్లు. ఒక్కో జతకూ విడిగా గ.సా.భా. కట్టకుండా, అన్నింటినీ కలిపి గుణించి శేషాలు రాబట్టే ఉపాయం వాడారు. గంటన్నరలోపే అయిపోయింది. కంప్యూటర్ అద్దె సుమారు 5 డాలర్లు. దాదాపు 64,000 సర్వర్ల రహస్య తాళంచెవులు చేతికొచ్చాయి!

కారణం చదువుతుంటే ఒళ్లు జలదరించింది. దొరికినవాటిలో ఎక్కువ భాగం రౌటర్లు, ఫైర్‌వాల్‌ల వంటి పరికరాలు. కరెంటు పెట్టగానే తాళం తయారుచేసుకుంటాయి. ప్రధాన సంఖ్యల్ని యాదృచ్ఛికంగా ఎంచుకోవడానికి కంప్యూటరు కీబోర్డు నొక్కుళ్లనీ మౌస్ కదలికల్నీ వాడుకుంటుంది. రౌటరుకు అవి ఉండవు. అందుకే ఒకే రకం పరికరాలు రెండు ఒకే మొదటి ప్రధాన సంఖ్యను ఎంచుకోగలవు. రెండోది ఎంచుకునేలోగా ఒకదాంట్లో గడియారం ఓ సెకను ముందుకు జరిగితే అది వేరవుతుంది. రెండూ ఒకటే అయితే గ.సా.భా. ఆ లబ్ధమే వస్తుంది, లోపలివి బయటపడవు. ఒకటి కలిసి ఒకటి వేరైతేనే తాళం తెరుచుకుంటుంది. ఐబీఎం వారి ఒక సర్వర్ నిర్వహణ కార్డు అయితే తొమ్మిదే తొమ్మిది ప్రధాన సంఖ్యల్లోంచి రెండేసి ఏరుకుంది. ప్రపంచంలోని ఆ కార్డులన్నిటికీ కలిపి 36 తాళాలే! పరిశోధకులు తయారీదారులను హెచ్చరించారు, లినక్స్‌లోనూ సవరణలు జరిగాయి.

చరిత్రకు చోటు తక్కువ. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ ఏడో భాగంలో భాగహార పద్ధతి ఉంది. 499లో ఆర్యభటుడు కుట్టకంలో అదే ఒరవడి వాడాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు భిన్నాల కోసం క.సా.గు. చెప్పాడు, ఆయన గ్రంథాన్ని పావులూరి మల్లన తెనిగించాడు. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యలుగా ఒక్క రకంగానే విడగొట్టగలమని గాస్ 1801లో పూర్తిగా నిరూపించాడు.

సిలబస్ కుదింపులో భాగంగా ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి యూక్లిడ్ భాగహారాన్ని తీసేశారు. కారణాంకాల పద్ధతి ఉంచారు. నాకు నచ్చినదే మిగిలినా నాకిది బాధగానే ఉంది. రెండూ పక్కపక్కన చేసి చూసిన పిల్లలకే ఒకటి ఎంత తేలికో, రెండోది ఎంత కష్టమో చేతికి తెలుస్తుంది.

బాక్స్: పరీక్షలో జాగ్రత్త

గ.సా.భా.ను క.సా.గు.తో గుణిస్తే ఆ సంఖ్యల లబ్ధం వస్తుందన్న సూత్రం రెండు సంఖ్యలకే. 4, 6, 10 తీసుకోండి. గ.సా.భా. 2, క.సా.గు. 60, గుణిస్తే 120. సంఖ్యల లబ్ధం 240. ఇక 8, 15 లాంటి వాటిలో ఉమ్మడి ప్రధాన కారణాంకం ఒక్కటీ లేదు. అప్పుడు గ.సా.భా. 1, సున్నా కాదు.