ఆనకట్టకు చిక్కని అడవి

కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో ముక్కాలి అనే చిన్న ఊరు దాటితే సొంత వాహనాలకు ప్రవేశం లేదు. అక్కడి నుండి సైలెంట్ వ్యాలీ జాతీయ ఉద్యానవనంలోని సైరంధ్రికి 23 కిలోమీటర్ల కొండబాట. అటవీ శాఖ అనుమతించిన జీపులోనే, గైడు వెంట ఉంటేనే వెళ్ళాలి. ఈ నిబంధన మా పిల్లలకు మొదట రుచించలేదు. అయితే మాకు పచ్చదనం తప్ప మరేమీ కనిపించని ఒక మలుపులో ఆయన జీపు ఆపించి, కొమ్మల వైపు వేలు చూపారు. నల్లని ఒళ్ళు, ముఖం చుట్టూ నెరిసిన జూలు, చివర కుచ్చు ఉన్న తోక. అదే సింహపుతోక కోతి!

గైడు అట్టప్పాడి ఆదివాసీ కుటుంబానికి చెందినవారు. దారి పక్కన పడి ఉన్న ముళ్ళ కాయను చూపి, దీనిని వెడిప్లావు అంటారని చెప్పారు. ఇతర పండ్లు కరవైన రోజుల్లో ఈ చెట్టు పూలు, గింజలే ఆ కోతులకు ఆధారం. అవి నేలకు పెద్దగా దిగవు. కొమ్మ మీదుగా కొమ్మకు సాగిపోతాయి. చెట్ల పందిరి తెగిన చోట వాటి దారి కూడా తెగిపోతుంది. మా చిన్నవాడు ఆ కాయను సంచిలో వేసుకోబోతే ఆయన నవ్వుతూనే వారించారు. ఇక్కడి నుండి ఆకు సైతం తీసుకుపోరాదు.

సైరంధ్రిలో 30 మీటర్ల ఎత్తైన గోపురం ఎక్కితే లోయలో కుంతీ నది కనిపిస్తుంది. 1973లో ప్రణాళికా సంఘం ఆ నదిపై జలవిద్యుత్ పథకానికి ఆమోదం తెలిపింది. ఆనకట్ట కట్టి ఉంటే ఒడ్డున ఉన్న అడవి నీట మునిగేది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు ఈ విషయాన్ని ప్రజల్లోకి తీసుకువెళ్ళింది. కవయిత్రి సుగతకుమారి అడవి పక్షాన కలం పట్టారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ లోయను స్వయంగా చూసి, పథకాన్ని విరమించమని కోరారు. విద్యుత్తు కావాలన్న వారి కోరిక అన్యాయమైనదేమీ కాదు. అందుకే ఆ వాదం ఏళ్ళ తరబడి సాగింది. చివరకు పథకాన్ని విరమించి, 1984లో ఈ లోయను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

కీచురాళ్ళు లేనందువల్లనే దీనికి నిశ్శబ్ద లోయ అని పేరు వచ్చిందని చెబుతారు. మా చెవులు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు!

జీపుల సంఖ్య పరిమితం. కనుక ముందుగానే అనుమతి తీసుకోవడం మంచిది. వానల్లో జలగల బెడద ఎక్కువ. పైజామా అంచులను మేజోళ్ళలోకి దోపుకోవాలి. అంత జాగ్రత్త పడినా, ముక్కాలి చేరాక మా చిన్నవాడి మడమను పట్టుకున్న ఒక జలగను గైడే ఉప్పు అద్ది వదిలించారు.