అధ్యక్షుని మాట - సభ్యుని సొమ్ము

సంఘాధ్యక్షులు మహాసభయందు పలుకు ప్రతి మాటకును సభ్యుల సొమ్ము పూచీపడుచున్నది. ఇది విశదమగుటకై సికింద్రాబాదునందే జరిగిన సంగతి నొకదానిని చెప్పుచున్నాము.

సత్యం కంప్యూటరు కంపెనీ 1987లో స్థాపింపబడెను. దాని రిజిస్టర్డు కార్యాలయము సికింద్రాబాదు సర్దారు పటేలు రోడ్డున నుండెను. మూడు నెలలకొకమారు ఆ కంపెనీ ప్రకటించిన లాభముల లెక్కలను వాటాదారులు నమ్మిరి. 2008 డిసెంబరు 16వ తేదీన అధ్యక్షుడు రామలింగరాజుగారు తన కుటుంబమువారి మేటాస్ కంపెనీలు రెండింటిని కొనబోవుచున్నామని తెలుపగా వాటాదారులు అభ్యంతరము చెప్పిరి. కొన్ని గంటలలోనే ఆ యోచన విరమింపబడెను. 2009 జనవరి 7వ తేదీన ఆయన డైరెక్టర్లకు లేఖ వ్రాసి, ఖాతాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవనియు, మొదట స్వల్పమైన భేదమే ఏటేట పెరిగెననియు ఒప్పుకొనెను. ఆ దినముననే వాటా ధర నాలుగింట మూడువంతులకు పైగా పడిపోయెను.

వరిలో కాండము తొలుచు పురుగును మొవ్వు ఎండినప్పుడే చూచి చెప్పినచో పంట దక్కును. తెల్లకంకులు వచ్చిన పిమ్మట చెప్పినచో ఫలమేమి? నష్టమునైనను వేళకు చెప్పు అధ్యక్షుని మన్నింపుడు, గౌరవింపుడు. మహాసభలో నిల్వ యెంతయని అడుగుడు. అంతటితో ఆగక, బ్యాంకువారు వ్రాసియిచ్చిన కాగితమును ఆడిటరు స్వయముగా తెప్పించుకొనెనా యని కూడ అడుగుడు. నిజాయితీగల కార్యదర్శికి ఈ ప్రశ్న యెన్నడును కష్టము కలిగింపదు.